మూడు అంచుల ఇంజన్

సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కార్ల బజారులో మాజ్దా ఆర్‌ఎక్స్-8ది ఒక వింత బేరం. 2003లో వచ్చింది, 2012లో తయారీ ఆగిపోయింది. నలుగురు కూర్చోవచ్చు. మలుపుల్లో రోడ్డును వదలదు. మాన్యువల్ గేర్ల మోడల్లో ఇంజన్ నిమిషానికి 9,000 చుట్ల దాకా తిరుగుతుంది. ఇన్ని ఉన్నా అమెరికాలోనూ, ఇంగ్లండులోనూ చవగ్గా దొరుకుతుంది. బండి తళతళలాడుతుంటుంది, లోపల సీట్లు కూడా నలగవు. ఇంజన్ సంగతి అడిగితే మాత్రం అమ్మేవాడు టైర్లు కొత్తవని చెబుతాడు.

మాజ్దా కార్లు మన షోరూముల దాకా రాలేదు. మనం ఆ పేరు చూసింది స్వరాజ్ మాజ్దా మినీ బస్సుల మీద, లారీల మీద. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కొత్తగా ఉద్యోగంలో చేరిన మన కుర్రాళ్లకు మాత్రం ఈ బేరం ఎదురుపడుతూనే ఉంటుంది. వాళ్లకు అక్కడి మిత్రులిచ్చే సలహా ఒక్కటే: ఆ ఇంజన్ జోలికి పోవద్దు. సలహాలో నిజముంది గాని సగమే. మిగతా సగం తెలియాలంటే ఆ ఇంజన్ పుట్టుక దగ్గరికి వెళ్లాలి.

మామూలు ఇంజన్‌లో పిస్టన్ పైకీ కిందికీ కొట్టుకుంటుంది. ఆ కదలికను కనెక్టింగ్ రాడ్డు, క్రాంకు కలిసి తిప్పుడుగా మారుస్తాయి. చక్రం తిరగడానికి మధ్యలో ఇంత కుస్తీ ఎందుకు, మంటే నేరుగా తిప్పకూడదా అన్న ప్రశ్న ఇంజనీర్లను ఆవిరి యంత్రాల కాలం నుంచీ వేధిస్తోంది. దానికి కారులో పనిచేసే జవాబు చెప్పినవాడు జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్. 1902లో లార్ అనే ఊళ్లో పుట్టాడు. ఇంజనీరింగ్ డిగ్రీ లేదు. చూపు బాగా తక్కువ కావడంతో డ్రైవింగ్ లైసెన్సు కూడా ఎప్పుడూ తీసుకోలేదు. అతని రాజకీయాలు మెచ్చుకోదగ్గవి కావు. నాజీ పార్టీలో తిరిగాడు, ఆ పార్టీ లోపలి తగాదాల్లో చిక్కుకుని 1933లో కొన్ని నెలలు జైల్లో ఉన్నాడు, ఆ తర్వాత అదే ప్రభుత్వం కోసం విమాన ఇంజన్ల వాల్వుల మీద పనిచేశాడు. తిరిగే ఇంజన్ (రోటరీ) మీద అతని మొదటి పేటెంటు 1929 నాటిది.

ఇంజన్ నిర్మాణం ఇలా ఉంటుంది. నడుము దగ్గర కొంచెం లోపలికి నొక్కుకుపోయిన కోలగుండ్రపు గది. అందులో ఉబ్బిన అంచులున్న మూడు మూలల రోటర్. అది ఒక పక్కకు జరుగుతూ తిరుగుతుంది, మూడు మూలలూ ఎప్పుడూ గది గోడను తాకుతూనే ఉంటాయి. అందువల్ల గోడకూ రోటర్‌కూ మధ్య మూడు అరలు ఏర్పడి పెరుగుతూ, తరుగుతూ ఉంటాయి. ఒక అర గాలినీ పెట్రోలునూ పీలుస్తుంటే, రెండోది ఒత్తుతుంటుంది, మూడోదాంట్లో మంట పుట్టి రోటర్‌ను తోస్తుంటుంది. రోటర్ ఒక్క చుట్టు తిరిగేలోపు మధ్యనున్న షాఫ్టు మూడు చుట్లు తిరుగుతుంది. వాల్వులు లేవు, క్యామ్‌షాఫ్టు లేదు, కనెక్టింగ్ రాడ్లు లేవు. రెండు రోటర్ల ఇంజన్‌లో తిరిగే పెద్ద భాగాలు మూడే, రెండు రోటర్లూ ఒక షాఫ్టూ. చిన్నది, తేలిక, కుదుపు దాదాపు లేదు. ఆర్‌ఎక్స్-8 ఇంజన్ కొలత 1.3 లీటర్లే అయినా జపాన్ మోడల్ 250 గుర్రాల శక్తి ఇచ్చింది.

అందమంతా ఆ మూడు మూలల్లోనే ఉంది. చిక్కంతా కూడా అక్కడే. పిస్టన్ చుట్టూ గుండ్రటి రింగులుంటాయి, అవి సిలిండర్ గోడకు ఒక వరస మొత్తం ఆనుకుంటాయి. ఇక్కడ ప్రతి మూలలోనూ ఒక సన్నని పట్టీలాంటి సీలు, గోడను ఒక గీత మేరకు మాత్రమే తాకుతూ, అంత వేగంలో, మంట పక్కనే పరుగెత్తాలి. పైగా ఈ గదిలో మంట ఎప్పుడూ ఒకే వైపు పుడుతుంది, చల్లటి గాలి ఎప్పుడూ రెండో వైపు నుంచే వస్తుంది. ఒక పక్క కాలిపోతూ, ఇంకో పక్క చల్లగా ఉన్న గోడ సమంగా వ్యాకోచించదు. సీలు ఎండకుండా ఉండాలని మంట గదిలోకే కొంచెం కొంచెం ఆయిల్ చిమ్ముతారు. ఈ ఇంజన్ ఆయిల్ తాగుతుందంటే అది జబ్బు కాదు, తిండి.

వాంకెల్ మొదటి నమూనా 1957లో జర్మనీలోని ఎన్ఎస్‌యూ కంపెనీలో ఆడింది. అందులో లోపలి రోటరే కాక బయటి గదీ తిరిగేది, ప్లగ్గు మార్చాలంటే ఇంజన్ విప్పాలి. హన్స్ డీటర్ పాష్కె అనే ఇంజనీరు గదిని కదలకుండా బిగించి, పనికొచ్చే రూపానికి తెచ్చాడు. పందెపు గుర్రాన్ని నాగలికి కట్టారని వాంకెల్ చిరాకుపడ్డాడంటారు. నాగలికి కట్టకపోతే అది లాయంలోనే ఉండిపోయేది.

1967లో ఎన్ఎస్‌యూ ఆర్ఓ 80 అనే పెద్ద కారు తెచ్చింది, ఐరోపాలో 1968 మేటి కారుగా ఎంపికైంది. ఆ వెంటనే సీళ్లు అరగడం మొదలైంది. 30,000 మైళ్లు తిరగకముందే ఇంజన్ మార్చిన బండ్లున్నాయి. దారిలో ఎదురైన ఆర్ఓ 80 యజమానులు, ఎన్నో ఇంజన్‌లో ఉన్నామో ఒకరికొకరు వేళ్లు చూపించుకునేవారని ఒక జోకు పుట్టింది. వారంటీ ఖర్చుకు ఎన్ఎస్‌యూ కుంగిపోయింది, 1969లో ఫోక్స్‌వాగన్ దాన్ని ఆడీలో కలిపేసుకుంది. జనరల్ మోటార్స్ 5 కోట్ల డాలర్లకు లైసెన్సు కొని, 1974లో వద్దనుకుంది.

మిగిలింది హిరోషిమా కంపెనీ. మాజ్దా అప్పటికి చిన్నది. చిన్న కార్ల కంపెనీలను పెద్దవాటిలో కలిపేయాలని జపాన్ ప్రభుత్వం చూస్తున్న రోజులు. తమకంటూ ఒక ప్రత్యేకత లేకపోతే మింగేస్తారని అధ్యక్షుడు త్సునేజీ మత్సుదా 1961లో ఎన్ఎస్‌యూతో ఒప్పందం చేసుకున్నాడు. 1963లో కెనిచీ యమమోతో కింద 47 మంది ఇంజనీర్లతో విభాగం పెట్టారు. ప్రభువును పోగొట్టుకున్న 47 మంది సమురాయ్‌ల కథ ఆ దేశంలో అందరికీ తెలుసు, వీళ్లకూ ఆ పేరే అంటుకుంది.

వాళ్లను ఏడిపించినవి గది గోడ మీద పడే గీతలు. కొంతసేపు ఆడించి విప్పితే గోడ నిండా అడ్డంగా గాట్లు. దయ్యపు గోళ్ల గీతలని పేరు పెట్టారు. కారణం ఏమిటంటే, సీలు గోడ మీద సాఫీగా జారడం లేదు, వణుకుతోంది. నల్లబల్ల మీద సుద్దముక్కను నిలువుగా నొక్కి లాగితే టకటక ఎగురుతూ చుక్కలు చుక్కలుగా పడుతుందే, అదే ఇది. సీలుకు అడ్డంగా, నిలువుగా బెజ్జాలు వేసి వణికే తీరు మార్చి చూస్తే గీతలు పోయాయి. చివరికి కార్బన్‌లో అల్యూమినియం కలిపిన సీలుతో 1967లో కాస్మో స్పోర్ట్ కారు బయటికొచ్చింది. యమమోతో 1984లో ఆ కంపెనీకే అధ్యక్షుడయ్యాడు.

1973 చమురు సంక్షోభం ఈ ఇంజన్ తాగుడును బయటపెట్టింది. మంట గది పొడుగ్గా, పల్చగా ఉండడంతో పెట్రోలు పూర్తిగా కాలదు, అందుకే రోటర్‌కు రెండేసి ప్లగ్గులు పెట్టాల్సి వచ్చింది. మాజ్దా మునిగిపోబోయి, బ్యాంకు ఆసరాతో నిలిచింది. 1978లో ఆర్‌ఎక్స్-7 వచ్చింది. మూడు తరాల్లో 8 లక్షలకు పైగా తయారయ్యాయి.

ఇక 1991. ఫ్రాన్సులోని లె మాన్స్ 24 గంటల పందెంలో నాలుగు రోటర్ల మాజ్దా 787బి గెలిచింది. వైడ్లర్, హెర్బర్ట్, గాషో నడిపారు. చివరి వంతు నడిపిన హెర్బర్ట్ నీరసించి బహుమతి వేదిక కూడా ఎక్కలేకపోయాడు. ఇంజన్‌కు ఏమీ కాలేదు. గెలిచిందన్న అక్కసుతోనే రోటరీని నిషేధించారన్న కథ ఇప్పటికీ తిరుగుతోంది. అది నిజం కాదు, 3.5 లీటర్ల పిస్టన్ ఇంజన్లే ఉండాలన్న నిబంధన అంతకుముందే ఖాయమైంది.

ఒక రోజూ ఒక రాత్రీ పూర్తి వేగంతో పరుగెత్తి నిలబడిన ఇంజన్ జాతి, కిరాణా కొట్టుకు వెళ్లొచ్చే బండిలో ఎందుకు చస్తోంది? పందెంలో అది ఎప్పుడూ వేడిగా ఉంది, ఆయిల్ ఆగకుండా అందింది, మెకానిక్కులు చుట్టూ ఉన్నారు. ఇంటిముందు చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, బండి పది అడుగులు జరిపి ఆపేస్తే, కాలని పెట్రోలు ప్లగ్గులను తడిపి, గోడ మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది. మళ్లీ స్టార్ట్ కాదు, ఒకవేళ అయినా సీలు పొడిగోడ మీద రాసుకుంటుంది. ఇగ్నిషన్ కాయిల్స్ నీరసిస్తే కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోని కెటలిటిక్ కన్వర్టర్‌లో కాలి దాన్ని కరిగిస్తుంది. అది పూడుకుపోతే వేడి వెనక్కి తన్ని సీళ్లను తింటుంది. మొదటి యజమాని ఆయిల్ చూడకుండా తిప్పి ఉంటే సరేసరి. అమెరికాలో 2004-2008 మోడళ్లకు ఇంజన్ వారంటీని మాజ్దా 8 ఏళ్లకు, లేదా లక్ష మైళ్లకు పొడిగించింది. డ్రైవర్లదే తప్పయితే ఏ కంపెనీ అంత ఖర్చు నెత్తిన వేసుకోదు. 2009 మోడల్ నుంచి ప్రతి రోటర్‌కూ ఆయిల్ చిమ్మే మూడో నాజిల్ కూడా పెట్టారు. కొనేవాళ్లు ముందుగా వెతకాల్సింది ఆ తర్వాతి బండ్లనే.

ఈ బండి విషయంలో మీటరు చూపించే మైళ్లు పెద్దగా ఏమీ చెప్పవు. తక్కువ తిరిగిందంటే దగ్గర దగ్గర ప్రయాణాలే చేసిందని కూడా అర్థం కావచ్చు. చెప్పేది కంప్రెషన్. మామూలు మెకానిక్కు వాడే పిస్టన్ గేజి పనికిరాదు, అది మూడు అరల్లో బలమైనదాన్నే చూపించి ఊరుకుంటుంది. రోటరీ కోసం చేసిన పరికరంతో, ఇంజన్ వేడి మీద, రెండు రోటర్ల ఆరు ముఖాలనూ విడివిడిగా కొలవాలి. సెల్ఫ్ నిమిషానికి 250 చుట్లు తిప్పుతున్నప్పుడు కంపెనీ చెప్పిన లెక్క చదరపు సెంటీమీటరుకు 8.5 కిలోలు. 6.9 కంటే తగ్గినా, ఒకే రోటర్ ముఖాల మధ్య తేడా 1.5 దాటినా ఇంజన్ దించాల్సిందే. పరికరం దొరికేలోపు మీరు చేయగలిగిన పరీక్ష ఇంకోటుంది. అరగంట నడిపి, ఆపి, వెంటనే సెల్ఫ్ కొట్టండి. ఆరోగ్యంగా ఉన్నది వెంటనే అందుకుంటుంది. వేడి మీద నసిగేది బోరుకొచ్చినట్టే. చూడటానికి వెళ్లేముందు, ఇంజన్ వేడి చేసి ఉంచవద్దని అమ్మేవాడికి చెప్పండి, చల్లటి స్టార్టు కూడా మీ కళ్లముందే జరగాలి.

రోజూ ఆఫీసుకు వెళ్లడానికి ఒక్కటే కారు కావాలనుకునేవాళ్లకు ఇది తగదు. ఇంట్లో ఇంకో బండి ఉండి, ప్రతిసారీ పెట్రోలు పోయించినప్పుడు ఆయిల్ కర్ర తీసి చూసే ఓపిక ఉంటే, ఆ డబ్బుకు ఇంతటి ఇంజన్ మరొకటి దొరకదు. ఆరు ముఖాల కంప్రెషన్ అంకెలున్న కాగితం చూపించని ఆర్‌ఎక్స్-8ని మాత్రం ఇంజన్ పోయిన బండి ధరకే అడగండి. ఒప్పుకోకపోతే తాళం చెవి తిరిగిచ్చేసి వచ్చేయండి.