తోడు పెట్టే చేయి

క్రైస్తవ కుటుంబంలో బిడ్డకు దేవుణ్ణి మొదట చూపించేది తల్లి. సండే స్కూలు టీచరు, చర్చిలో అయ్యగారు ఆ తర్వాతే వస్తారు. పొయ్యి దగ్గర, చేను గట్టు మీద, జ్వరం వచ్చిన రాత్రి మంచం పక్కన ఆమె చేసే పనుల్లోంచే పిల్లలకు ప్రార్థన, క్షమాపణ, కృతజ్ఞత, ఓర్పు అనే మాటలకు అర్థం తెలుస్తుంది. మరిపెడ, కురవి, డోర్నకల్, మహబూబాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో ఇలా జరగడానికి ఒక చరిత్ర ఉంది.

1903లో తిరునల్వేలిలో ఏర్పడిన ఇండియన్ మిషనరీ సొసైటీ తన పనికి ఎంచుకున్నది నిజాం రాజ్యంలోని ఈ మానుకోట (మహబూబాబాద్) ప్రాంతాన్నే. ఆ సంస్థ స్థాపకుల్లో ఒకరైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో డోర్నకల్ వచ్చారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానానికి చేరిన తొలి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న ఆయన కన్నుమూసేనాటికి డోర్నకల్ అధ్యక్ష మండలంలో విశ్వాసులు రెండు లక్షలు దాటారు. వారిలో అత్యధికులు మాల, మాదిగ వాడల కూలి కుటుంబాలవారు. అక్షరం వారి దాకా రానివ్వని కాలం అది. అందుకే పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు చదివించి నేర్పే వీలు లేక, నోటితో చెప్పించి కంఠస్థం చేయించారు. పాటలు కట్టి పాడించారు. పుస్తకం లేని ఇంట్లో ఆ పుస్తకం పని తల్లి నోరు చేసింది. నాట్లేస్తూ పాడిన పాటే రాత్రి బిడ్డకు జోలపాట అయ్యేది.

ఈ సంగతి అజరయ్యకు బాగా తెలుసు. ఊరి సంఘాలకు పంపే ఉపదేశకులతో పాటు వారి భార్యలకూ డోర్నకల్‌లో శిక్షణ ఉండేది. అజరయ్య తండ్రి తిరునల్వేలి సీమలో పల్లె గురువు. తండ్రి త్వరగా కాలం చేయడంతో అజరయ్య తల్లి ఎలెన్ పెంపకంలో పెరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను కట్నం తీసుకోకుండా పెళ్లి చేసుకున్నారు. ఆ కాలంలో కాలేజీ గడప తొక్కిన కొద్దిమంది తమిళ క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. పల్లెల మీద పడి పీడించే నాలుగు దయ్యాలు ఉన్నాయని బిషప్పు చెబుతుండేవారు: మురికి, రోగం, అప్పు, తాగుడు. ఈ నాలుగింటి భారం చివరికి పడేది తల్లి నెత్తినే. మురికిని కడగాలి, రోగికి సేవ చేయాలి, అప్పుల వాళ్లకు గుమ్మంలో నిలబడి జవాబు చెప్పాలి, తాగొచ్చిన మనిషిని భరించాలి. ప్రసంగంలో ఆ దయ్యాల పేర్లు వినకముందే వాటితో పోరాడుతున్నది ఆమె.

ఆ రోజుల నుంచి వచ్చిన అలవాట్లలో పిడికెడు బియ్యం ఒకటి. అన్నం వండేముందు బియ్యం కొలిచి గిన్నెలో పోసి, కడగబోయే ముందు తల్లి అందులోంచి ఒక పిడికెడు తీసి, మూల ఉన్న చిన్న కుండలో వేస్తుంది. అది దేవుని భాగం. ఆదివారం ఆ బియ్యం కొంగులోనో సంచిలోనో చర్చికి చేరుతుంది. అన్ని ఇళ్ల పిడికిళ్లూ ఒకే చోట పోస్తే రాశి అవుతుంది. మిజోరంలో 1910లో మొదలైన ఇలాంటి పద్ధతి ఇప్పటికీ అక్కడి సంఘాలకు పెద్ద ఆధారం. పొయ్యి దగ్గర కూర్చున్న పిల్లకు ఇందులో ఒక లెక్క కనిపిస్తుంది: బియ్యం తక్కువైన రోజు కూడా ఆ చేయి ముందు కుండలోకే వెళ్తుంది, తర్వాతే ఎసట్లోకి. తిన్నాక మిగిలింది ఇవ్వడం వేరు, తినకముందే తీసిపెట్టడం వేరు. సారెపతు విధవరాలు తనకూ కొడుక్కూ మిగిలిన ఆఖరి పిడికెడు పిండితో ముందు ఏలీయాకు రొట్టె చేసిపెట్టిన కథ (మొదటి రాజులు 17వ అధ్యాయం) ఆ పిల్లకు వివరించి చెప్పాల్సిన పని ఉండదు. అలాంటి కుండను ఆమె రోజూ చూస్తోంది.

దేవుని మాటలను పిల్లలకు ఎప్పుడు నేర్పాలో ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయం చెబుతుంది. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిన నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచినప్పుడు. బడి గంటలు, పాఠ్య ప్రణాళిక అక్కడ లేవు. తల్లి రోజు ఎలా గడుస్తుందో అదే ఆ బోధనకు వేళాపట్టిక. పౌలు తిమోతికి రాసిన రెండో పత్రికలో ఆ యువకుడి విశ్వాసానికి మూలం వెతుకుతూ అవ్వ లోయి, తల్లి యూనీకే అని ఇద్దరు స్త్రీల పేర్లు చెబుతాడు. తండ్రి గ్రీసు దేశస్థుడని మాత్రమే అపొస్తలుల కార్యములు చెబుతుంది.

ఒక తరం నుంచి మరో తరానికి విశ్వాసం అందడాన్ని చూపడానికి తెలుగింట్లో పెరుగు తోడు కన్నా మంచి పోలిక దొరకదు. పిండి అంతా పులిసేదాకా ఒక స్త్రీ దానిలో దాచిపెట్టిన పులిపిండితో పరలోక రాజ్యాన్ని యేసు పోల్చాడు. ఇక్కడివాళ్లు రోజూ రొట్టె కాల్చరు గానీ, రోజూ తోడు వేస్తారు. పాలు కాచి, గోరువెచ్చన అయ్యేదాకా ఆగాలి. వేడి మీద వేస్తే విరుగుతాయి, పూర్తిగా చల్లారాక వేస్తే పేరుకోవు. వేలు ముంచి చూసి, నిన్నటి పెరుగు చెంచాడు కలిపి, మూత పెట్టి కదపకుండా వదిలేయాలి. రాత్రంతా గిన్నె లోపల ఏం జరుగుతోందో ఎవరికీ కనపడదు. మాటిమాటికీ మూత తీసి కలియబెడితే గడ్డ కట్టదు. కోపంలో ఉన్న పిల్లవాడికి బైబిలు వాక్యం చెప్పబోయే తల్లికి ఈ గిన్నె గుర్తుండటం మంచిది. ఆ చెంచాడు పెరుగు కూడా మొన్నటి తోడుతో పేరుకున్నదే. తోడు లేని రోజు పక్కింటికి గిన్నె పట్టుకెళ్లి అడిగి తెచ్చుకుంటారు. సంఘం చేసే పని కూడా చాలావరకు ఇదే.

మిరప చేలు మరో పాఠం చెబుతాయి. మరిపెడ ప్రాంతంలో పత్తి, మిరప ముఖ్యమైన పంటలు. మిరపకాయ ఏరే రోజుల్లో సాయంత్రం ఇల్లు చేరిన తల్లి కోసం పసివాడు చేతులు చాచుకుని పరుగెత్తుకొస్తాడు. ఆమె వెంటనే ఎత్తుకోదు. వేళ్ల నిండా కారం మంట. ఆ చేయి పిల్లవాడి కంటికి తగిలితే ఇల్లు దద్దరిల్లుతుంది. నూనె రాసుకుని, సబ్బుతో రెండు మూడు సార్లు కడుక్కుని, అయినా అనుమానంగా మోచేతులతోనే దగ్గరికి తీసుకుంటుంది. ఆ కాసేపు గుమ్మంలో నిలబడి ఏడ్చే బిడ్డకు అమ్మ తనను కాదన్నట్టే ఉంటుంది. దేవుడు ఆలస్యం చేశాడని బాధపడే విశ్వాసికి ఈ గుమ్మం దగ్గరి ఏడుపు కొంత అర్థం చెబుతుంది. అన్ని బాధలకూ ఇదే జవాబని చెప్పడం మాత్రం తొందరపాటు. కొన్ని ఏడుపులకు బైబిలు కూడా కారణం చెప్పదు. తోడుగా ఉంటుంది, అంతే.

లూకా సువార్త పదిహేనో అధ్యాయంలో పోయి దొరికిన వాటి కథలు మూడు. గొర్రె అడవిలో తప్పిపోయింది, కొడుకు పరదేశం పోయాడు, నాణెం ఇంట్లోనే పోయింది. దీపం వెలిగించి, ఇల్లు ఊడ్చి, దొరికేదాకా వెతికిన స్త్రీతో దేవుణ్ణి పోల్చిన కథ అది. పోపుల డబ్బాలో దాచిన పొదుపు సంఘం కిస్తీ నోటు కనపడక ఇల్లంతా తిరగేసిన తల్లికి ఆ దేవుడి ఆత్రం తెలిసినంతగా మరొకరికి తెలియదు. ఒకే ఇంట్లో, ఒకే కప్పు కింద ఉంటూనే పిల్లలు దూరమైపోవచ్చని కూడా ఈ కథ చెబుతుంది. ఫోన్లు వచ్చాక ఆ మాటకు బరువు పెరిగింది.

తల్లి త్యాగాన్ని పొగుడుతూ ఆమె మీద మరింత పని వేయడం చర్చిల్లోనూ జరుగుతోంది. మదర్స్ డే ఆదివారం పూలిచ్చి, మిగతా ఆదివారాలు వంట మొత్తం స్త్రీలకే వదిలేస్తే అది యేసు చూపిన మర్యాద కాదు. మార్త పనిలో మునిగి విసుగుతో ఫిర్యాదు చేసినప్పుడు, కూర్చుని తన మాట వింటున్న ఆమె సోదరి మరియను ఆయన వంటగదిలోకి పంపలేదు. మరియ ఎంచుకున్న మంచి భాగాన్ని ఆమె దగ్గర నుంచి తీసేయడం జరగదన్నాడు. ఈ పాఠం మగవాళ్లు నేర్చుకోవాల్సింది. 1522లో వివాహం గురించి రాసిన పుస్తకంలో మార్టిన్ లూథర్ బిడ్డ గుడ్డలు ఉతికే తండ్రి ప్రసక్తి తెచ్చాడు. లోకం ఆ తండ్రిని చూసి నవ్వినా, దేవుడూ దూతలూ ఆనందిస్తారని చెప్పాడు. తండ్రి కూడా ఒక పూట పిడికెడు బియ్యం తీసి కుండలో వేయవచ్చు.

తల్లులు ఒకరికొకరు ఆసరాగా కూడుకునే పద్ధతి కూడా పాతదే. 1876లో ఇంగ్లండులో మేరీ సమ్నర్ తన ఊరి తల్లులను కూర్చోబెట్టి మొదలుపెట్టిన మదర్స్ యూనియన్ ఆంగ్లికన్ సంఘాలున్న దేశాలెన్నిటికో పాకింది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక ఇక్కడ ఆ పనిని స్త్రీల మైత్రి అందుకుంది. వారంలో ఒక పూట చాప పరుచుకుని కూర్చుని, ఒకరు వాక్యం చదువుతారు, ఇంకొకరు పాట ఎత్తుకుంటారు. ఆ తర్వాత అసలు మాటలు బయటికొస్తాయి: పిల్లవాడి చదువు, అల్లుడి తాగుడు, ధర పడిపోయిన మిరప. ఎడారిలో తిత్తిలో నీళ్లు అయిపోయి, బిడ్డ చావు చూడలేక వింటివేటు దూరం వెళ్లి కూర్చున్న హాగరు కథ అలాంటి చోట చదివితే వేరుగా వినిపిస్తుంది. దేవుడు ఆ చిన్నవాని మొర విన్నాడనీ, తల్లికి నీళ్ల బావి చూపించాడనీ ఆదికాండం చెబుతుంది. చదవడం అయ్యాక కాసేపు ఎవరూ మాట్లాడరు. తర్వాత ఒక్కొక్కరు తమ పిల్లల పేర్లు చెబుతారు, మిగతావాళ్లు ఆ పేర్లు పట్టి ప్రార్థన చేస్తారు.