భూమి హక్కు, రాజ్యపు హద్దు: స్వతంత్ర పార్టీ చింతన నేపథ్యంలో తెలుగు రాష్ట్రాల భూచట్టాలు

కీలక పదాలు: సంప్రదాయ రాజకీయ చింతన, ఎన్.జి. రంగా, స్వతంత్ర పార్టీ, ధరణి, భూభారతి, టైట్లింగ్ చట్టం, సాదా బైనామా, అనంతగిరి

ఉపోద్ఘాతం

సూర్యాపేట జిల్లా అనంతగిరి మండలం 2016 నాటి జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఏర్పడింది. పక్కనున్న కోదాడ నుంచి విజయవాడ రహదారిపై కొద్ది దూరం సాగితే ఆంధ్రప్రదేశ్ సరిహద్దు వస్తుంది. ఇటు తెలంగాణలో 2020 నాటి భూమి హక్కులు, పట్టాదారు పాసుపుస్తకాల చట్టం, అటు ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి ల్యాండ్ టైట్లింగ్ చట్టం అమల్లోకి వచ్చాయి. రెండూ ఎన్నికల్లో చర్చనీయాంశాలయ్యాయి. అధికారం మారాక రెండూ రద్దయ్యాయి.

ఈ చట్టాలపై వచ్చిన విమర్శను సాధారణంగా పార్టీల మధ్య వాదులాటగానే చూస్తున్నారు. ప్రభుత్వం తన హద్దు దాటి పౌరుడి ఆస్తి జోలికి వస్తోందనే అభ్యంతరానికి తెలుగునాట ఆరు దశాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. దానికి ఒక సిద్ధాంత రూపమిచ్చినవారిలో గోగినేని రంగనాయకులు, అంటే ఆచార్య ఎన్.జి. రంగా, ప్రముఖులు. ఆ సిద్ధాంతం నేటి భూచట్టాలను అర్థం చేసుకోవడానికి ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ చాలకుండా పోతుంది అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

పరిభాష విషయంలో ఒక మాట. తెలుగు పత్రికలు స్వతంత్ర పార్టీని తరచు ‘మితవాద’ పక్షంగా పేర్కొన్నాయి. అదే మాట 1907 సూరత్ చీలిక నాటి కాంగ్రెసు మితవాదులకూ వాడుకలో ఉంది. ఒకటి నిరసన తీవ్రతకు సంబంధించినది, మరొకటి రాజ్యాధికార పరిమితికి సంబంధించినది. ఈ గందరగోళాన్ని తప్పించడానికి ఇక్కడ ‘సంప్రదాయ చింతన’ అనే మాటనే వాడడమైంది. ఆచారపరాయణత్వం అనే అర్థంలో కాదు; దీర్ఘకాలంగా నిలిచిన హక్కులను, సంస్థలను ప్రభుత్వం ఒక్క కలంపోటుతో తుడిచివేయరాదనే రాజకీయ దృష్టి అనే అర్థంలో.

నాగపూరు తీర్మానం, రంగా వాదం

1959 జనవరిలో నాగపూరులో జరిగిన కాంగ్రెసు మహాసభ భూపరిమితిని, ఉమ్మడి సహకార సేద్యాన్ని లక్ష్యాలుగా ప్రకటించింది. పొలాలను కలిపి సాగు చేసినా యాజమాన్యం రైతుదేనని తీర్మానం చెప్పింది. గట్టు చెరిపిన తర్వాత యాజమాన్యానికి మిగిలేది కాగితమేనని రంగా వర్గం వాదించింది. ఆ ఏడాదే రాజాజీ ప్రేరణతో స్వతంత్ర పార్టీ ఏర్పడగా, రంగా దానికి తొలి అధ్యక్షుడయ్యారు. ‘పర్మిట్-లైసెన్స్ రాజ్యం’ అని రాజాజీ పెట్టిన పేరు ఇప్పటికీ వాడుకలో ఉంది.

రంగాను జమీందార్ల ప్రతినిధిగా చిత్రించడం చరిత్రకు సరిపోదు. గుంటూరు జిల్లా నిడుబ్రోలులో 1900లో పుట్టి, ఆక్స్‌ఫర్డులో చదివి వచ్చిన ఆయన జమీందారీ వ్యతిరేక రైతు ఉద్యమంలో ఎదిగిన నాయకుడు. 1936లో ఏర్పడిన అఖిల భారత కిసాన్ సభకు తొలి ప్రధాన కార్యదర్శి. జమీందారును ఎదిరించిన వాదమే ప్రభుత్వాన్నీ ఎదిరించే వాదమైంది. రైతుకూ మట్టికీ మధ్య మూడో యజమాని ఉండరాదు; ఆ మూడోవాడు రాజావారైనా, సహకార సంఘం పేరిట వచ్చే అధికారి అయినా తేడా లేదు. ఈ కొనసాగింపును గుర్తించకపోతే కిసాన్ సభ కార్యదర్శి స్వతంత్ర పార్టీ అధ్యక్షుడు కావడం కేవలం ఫిరాయింపుగా కనిపిస్తుంది. అయితే ఆ పార్టీలో మాజీ సంస్థానాధీశులూ పారిశ్రామికవేత్తలూ ఉన్నారన్నదీ నిజమే. చిన్న రైతు పేరు చెప్పి పెద్ద ఆస్తిని కాపాడుతున్నారన్న విమర్శకు పార్టీ ఎన్నడూ గట్టి సమాధానం ఇవ్వలేకపోయింది.

ఎన్నికల బలం కొంతవరకే దక్కింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 1962లో 19, 1967లో 29 స్థానాలు గెలిచిన పార్టీ 1974లో భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది. రంగా అంతకుముందే కాంగ్రెసుకు తిరిగి వెళ్లారు. చట్టం మీద మాత్రం ఆ వాదపు జాడ మిగిలింది. రైత్వారీ భూములు ‘ఎస్టేటు’ నిర్వచనంలోకి రావని సుప్రీంకోర్టు కేరళ కేసులో తేల్చడంతో, వాటినీ అందులో చేరుస్తూ 1964లో 17వ రాజ్యాంగ సవరణ వచ్చింది. స్వతంత్ర పార్టీ దాన్ని తీవ్రంగా వ్యతిరేకించింది. అదే సవరణలో ఒక రక్షణ కూడా చేరింది: పరిమితికి లోబడి సొంత సేద్యంలో ఉన్న భూమిని మార్కెట్ విలువకు తక్కువ కాని పరిహారం ఇవ్వకుండా రాజ్యం తీసుకోరాదు. 1978 నాటి 44వ సవరణతో ఆస్తిహక్కు ప్రాథమిక హక్కుల జాబితా నుంచి తొలగి 300ఎ అధికరణంగా మారినా, 31ఎ లోని ఈ రక్షణ అలాగే ఉంది.

కోదాడ సీమ: వాదానికి ఎదురయ్యే ప్రశ్న

డెల్టా రైతు అనుభవం నుంచి పుట్టిన ఈ వాదం కోదాడ, సూర్యాపేట ప్రాంతానికి వచ్చేసరికి చిక్కులో పడుతుంది. అనంతగిరి పొరుగునున్న నడిగూడెం కోట మునగాల జమీందారుల నివాసం. చుట్టూ నిజాం ఇలాకా ఉన్నా మునగాల పరగణా కృష్ణా జిల్లాలో భాగంగా ఉండేది. నల్లగొండ జిల్లాలో చేరింది 1959లోనే. ఇక్కడి రాజా నాయని వెంకట రంగారావు సాహిత్యలోకానికి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపకులలో ఒకరిగా, కొమర్రాజు లక్ష్మణరావు దివానుగా పనిచేసిన సంస్థానాధిపతిగా తెలుసు. అదే పరగణాలో 1930లలో రైతులు వెట్టికీ అక్రమ వసూళ్లకూ వ్యతిరేకంగా పోరాడారు. ఒకే కోటకు రెండు చరిత్రలున్నాయి. సాహిత్య చరిత్రకారులు రెండోదాన్ని తరచు దాటవేస్తారు.

నిజాం ప్రాంతంలో దేశ్‌ముఖుల చేతిలోని భూమి కౌలుదారుకు చేరడానికి సాయుధ పోరాటం ఒక కారణమైతే, 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం మరో కారణం. రక్షిత కౌలుదారుకు యాజమాన్యం దక్కే మార్గాన్ని తెరిచిన 38ఇ సెక్షన్ రాజ్య జోక్యమే. దీర్ఘకాలంగా నిలిచిన హక్కును గౌరవించాలన్న సూత్రం ఇక్కడ ఎవరి హక్కును గౌరవిస్తుంది? దస్తావేజు ఉన్నవాడిదా, దున్నినవాడిదా? రంగా ‘రైతు’ అన్న ఒక్క మాటతో ఇద్దరినీ కలిపి చూశారు. డెల్టాలో పట్టాదారే దున్నేవాడైన చోట అది చెల్లింది. తెలంగాణలో చెల్లదు.

నమోదు పుస్తకమే యజమాని

మన దేశంలో భూమి హక్కు ప్రాథమికంగా ఊహాత్మక హక్కు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం దస్తావేజును నమోదు చేస్తుందే తప్ప హక్కుకు పూచీ పడదు. పహాణీలో పేరుంటే హక్కు ఉన్నట్టు భావిస్తారు. కాదని మరొకరు సాక్ష్యంతో సివిల్ కోర్టులో రుజువు చేయవచ్చు. ఇందువల్ల దావాలు తరాల తరబడి నడుస్తాయన్నది వాస్తవం. అయినా ఇందులో ఒక వివేకం ఉంది: రాజ్యం తన పుస్తకం తప్పు కావచ్చునని ముందే ఒప్పుకుంటోంది.

దక్షిణ ఆస్ట్రేలియాలో 1858లో మొదలైన టోరెన్స్ పద్ధతి దీనికి భిన్నం. అక్కడ రిజిస్టరే హక్కు. పొరపాటుకు రాజ్యం పూచీ. కొత్తగా కొలిచి, పంచి, మంజూరు చేసిన భూములకు అది సులువుగా అమరింది. వారసత్వాలు, నోటిమాట పంపకాలు, తెల్లకాగితపు కొనుగోళ్లు పొరలు పొరలుగా పేరుకున్న ఊళ్లలో అదే పని చేయాలంటే ముందుగా ఆ పొరలన్నిటినీ ఒక అధికారి చదివి తేల్చాలి.

ఆంధ్రప్రదేశ్ టైట్లింగ్ చట్టం ఆ తేల్చే పనిని టైటిల్ రిజిస్ట్రేషన్ అధికారికి అప్పగించింది. అభ్యంతరం ఉంటే అప్పీలు అధికారి వద్దకు, ఆపైన హైకోర్టుకు వెళ్లాలి; సివిల్ కోర్టు పరిధిని మినహాయించింది. 2023 అక్టోబరు 31న అమల్లోకి రాగానే న్యాయవాదులు విధులు బహిష్కరించారు. 2024 ఎన్నికల ప్రచారంలో ఇది భూములు లాక్కునే చట్టమన్న ఆరోపణగా మారింది. ఆ ఆరోపణ అతిశయోక్తి. చట్టంలో భూమి లాక్కునే నిబంధన లేదు. లోపం మరోచోట ఉంది. జిల్లా కేంద్రంలోని మున్సిఫు కోర్టుకు వెళ్లగలిగిన రైతు హైకోర్టుకు అంత తేలికగా వెళ్లలేడు. 2024 జులైలో శాసనసభ రద్దు బిల్లును ఆమోదించింది.

తెలంగాణ చట్టం దారి వేరు. 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ ప్రారంభమైంది; గ్రామ రెవెన్యూ అధికారి పదవి, రెవెన్యూ కోర్టులు రద్దయ్యాయి. మ్యుటేషన్ రిజిస్ట్రేషన్‌తోపాటే పూర్తి కావడం చాలామందికి మేలు చేసింది. లంచాల విషయంలో వీఆర్వో వ్యవస్థకున్న పేరును బట్టి ఆ రద్దుకు ఊళ్లలో హర్షమే వ్యక్తమైంది. కాని తప్పు నమోదైనప్పుడు దిద్దే అధికారం కింది స్థాయిలో ఎవరికీ లేకుండా పోయింది. అనుభవదారు కాలమ్ కనుమరుగైంది. నిషేధిత జాబితాలో పొరపాటున చేరిన సర్వే నంబరు కోసం కలెక్టరు దాకా వెళ్లాల్సి వచ్చింది. రాజ్యం చూడగలిగేలా సమాజాన్ని సరళీకరించే క్రమంలో స్థానిక జ్ఞానం చెరిగిపోతుందని జేమ్స్ స్కాట్ 1998 నాటి గ్రంథంలో చేసిన వాదనకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ వెతకనక్కరలేదు.

ఇక్కడే రాజాజీ మాట కొత్త రూపంలో తిరిగొస్తుంది. 2018లో మొదలైన రైతుబంధు ఎకరానికి పంటకు 4,000 రూపాయలతో పట్టాదారుకే చెల్లింది, కౌలుదారుకు కాదు. కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇచ్చే 2011 చట్టం ఉన్నా ఆచరణలో మూలపడింది. పెట్టుబడి సాయానికీ, బీమాకూ, అమ్మకానికీ అన్నిటికీ ఆ ఒక్క నమోదే ద్వారమైనప్పుడు, అది పర్మిట్ కాక మరేమిటి? లైసెన్సు ఒకప్పుడు పరిశ్రమ పెట్టాలనుకున్నవాడికే కావాల్సి వచ్చేది. ఇప్పుడు రెండెకరాల మనిషికీ అటువంటిదే కావాలి.

2025లో వచ్చిన భూభారతి చట్టం అప్పీళ్లను పునరుద్ధరించింది. ఏప్రిల్ 14న ప్రారంభించి ముందుగా నాలుగు మండలాల్లో అమలు చేశారు. వాటిలో పొరుగు ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి ఒకటి. దిద్దుబాటుకు తహసీల్దారు, ఆర్డీవో, కలెక్టరు అనే మెట్లు మళ్లీ వచ్చాయి. ఇది ఒక మేరకు సంప్రదాయ వాదపు విజయమే, ఆ పేరుతో ఎవరూ పిలవకపోయినా. కాని ఆ మెట్లన్నీ తప్పు చేసిన శాఖలోనివే.

సాదా బైనామా దరఖాస్తుల్లో ఈ వాదానికి అసలు పరీక్ష ఎదురవుతుంది. ముద్ర లేని కాగితంపై కొని, దశాబ్దాలుగా దున్నుతున్నవారి నుంచి 2020లో ప్రభుత్వం దరఖాస్తులు తీసుకుంది. పాత చట్టం రద్దై కొత్తదానిలో నిబంధన లేకపోవడంతో అవి హైకోర్టులో ఆగిపోయాయి. భూభారతి వాటికి ప్రత్యేక నిబంధన చేర్చింది. ఈ మనిషి చేతిలో ఉన్నది అనుభవం, గట్టు పక్కవాడి సాక్ష్యం, ఊరి జ్ఞాపకం. అంటే సంప్రదాయ చింతన ఏ రాతకన్నా మిన్నగా గౌరవించమనే ఆధారాలే. సొంత సేద్యంలో ఉన్న భూమికి 31ఎ అధికరణం ఇచ్చే రక్షణ కోరాలన్నా, ముందుగా ఆ పొలం తనదని రికార్డు చెప్పాలి. రికార్డులో ఉన్నది ఎప్పుడో అమ్ముకుని వెళ్లినవాడి పేరు.