కడుపులోని జిగురుపొర

నాగావళీ వంశధారా తీరముల పల్లెలలో కడుపుమంట యను మాట తెలియనివారుండరు. తెల్లవారి చోడి అంబలి త్రాగి పొలమునకు బోయినవాడు, ప్రొద్దెక్కకముందే ఱొమ్ముక్రింద చేయి నొక్కికొని గట్టుపై గూర్చుండును. మిరపకారముచేతనో మనోవిచారముచేతనో ఇది కలుగునని పెద్దలు చెప్పుదురు. 1980 ప్రాంతముదాక వైద్యులును ఇంచుమించుగా ఈ మాటనే చెప్పిరి. వారిని తప్పుపట్ట బనిలేదు. అంతటి ఆమ్లములో నే క్రిమియు నిలువజాలదని లోకము నమ్మియుండెను.

శ్రోతలారా, ఇనుపమేకును సైతము కొఱుకగల ఆ ఆమ్లము కడుపుగోడనే యేల కొఱుకదు? ఆ గోడయందలి కణములు జిగురును స్రవించి, అందు క్షారమును నింపి, దానిని దుప్పటివలె గప్పుకొనును. పైకణములు కొన్ని దినములకే రాలిపోయి క్రొత్తవి పుట్టుచుండును. మన యిల్లాండ్రు మట్టిగోడ నింత తరచుగా నలుకజాలరు!

ఈ దుప్పటిలో దూరునది హెలికోబాక్టర్ పైలోరి. మెలితిరిగిన దేహము, తోకలును గల యీ సూక్ష్మజీవి యూరియాను విడగొట్టి అమ్మోనియాను బుట్టించి, తనచుట్టునున్న ఆమ్లమును విఱుచుకొనును. పిదప కణములకు అంటుకొనును. కొన్ని తెగలు సూదివంటి సాధనముతో కాగ్-ఏ యను మాంసకృత్తును కణములోనికి గ్రుచ్చును. దానిని చంపవచ్చిన తెల్లకణములు దానిని వెడలగొట్టజాలక, ఆ పోరులో ఇంటిగోడనే కూల్చును. అప్పుడు ఆమ్లము పచ్చిమాంసమును దాకును, పుండు పడును. క్రిమియున్న వారందరకు పుండు రాదు. పెక్కుమందికి బాధయే తెలియదు. అయినను దీర్ఘకాల మున్నచో కొందరిలో జీర్ణకోశపు క్యాన్సరుకు గారణ మగును.

దీనిని బయటపెట్టినవారు ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరపు వారెన్, మార్షల్ అను వైద్యులు. రెండు దినములకే పారవేయవలసిన పాత్రలు 1982లో ఈస్టరు సెలవుల మూలమున అయిదారు దినములు నిలిచిపోగా, వానిలో క్రిమి పెరిగెను. ఎవరును నమ్మకుండుటచే 1984లో మార్షల్ ఆ క్రిములను తానే త్రాగి, కడుపువాపు తెచ్చుకొనెను. 2005లో ఇరువురికిని నోబెల్ బహుమాన మొసగబడెను.

కణములను రక్షించుటకు ముఖ్యోపాయము క్రిమిని నిర్మూలించుటయే. ఆమ్లమును దగ్గించు మందు, రెండు క్రిమినాశకములు, పలుమారు బిస్మతు లవణము, వీనిని పది మొదలు పదునాలుగు దినములు విడువక పుచ్చుకొనవలెను. వానిలో తరచుగా వాడెడి టెట్రాసైక్లిన్‌తో మనకొక చుట్టరికము గలదు: భీమవరమున బుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనకు నాయకత్వము వహించిన లెడర్లీ సంస్థనుండి 1948లో వెలువడిన ఆరియోమైసిన్ ఆ కోవలో మొదటిది. మంట తగ్గెనని నాలుగవనాడే మందు మానినచో మిగిలిన క్రిములు మొండివగును.

పాలు క్షణమాత్రము చల్లబరచి, వెనుక ఆమ్లమును హెచ్చించును. పెరుగు మేలే కాని, అది యొక్కటే క్రిమిని వెడలగొట్టజాలదు. పొగాకు, చుట్టగా గాల్చినను మన పల్లెస్త్రీలవలె అడ్డపొగగా ద్రాగినను, పుండును మాననీయదు. కీళ్లనొప్పులకు దుకాణమున గొని మ్రింగెడి మాత్రలు జిగురు నూరించు ప్రోస్టాగ్లాండినులను దగ్గించును. మూత్రపిండవ్యాధి పెచ్చుగానున్న ఉద్దానమువారు, ఆ మాత్రలు మూత్రపిండములకును గీడగుటచే, వైద్యుని యడుగక వానిని ముట్టరాదు.

మలము తారువలె నల్లబడినను, నెత్తురు కక్కినను ఆ దినమే ఆసుపత్రికి బోవలెను. బిస్మతువలన గూడ మలము నల్లనగును గనుక, వాడుచున్న మందుల పేరు వైద్యునికి జెప్పవలెను. చికిత్స ముగిసిన నాలుగు వారములకు ఊపిరి పరీక్షగాని మలపరీక్షగాని చేయించుకొన్నచో క్రిమి పోయినదియు లేనిదియు దేలును.