కొత్త కంప్యూటరుకు పాత లస్కరు

బందరులో గానీ గుడివాడలో గానీ శుభలేఖలు, కరపత్రాలు తయారుచేసే డి.టి.పి. సెంటరుకు మీరెప్పుడైనా వెళ్ళారా? ఈసారి వెళ్ళినప్పుడు బల్ల కింద ఉన్న కంప్యూటరు పెట్టెను కాస్త పరిశీలనగా చూడండి. కొన్నిచోట్ల పదిహేను, ఇరవై ఏళ్ళనాటి పెట్టె దుమ్ముకొట్టుకుని, ఫాను రొద చేస్తూ ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. పక్కనే కొత్త కంప్యూటరు ఉన్నా సరే, తెలుగు పేజీ కట్టవలసి వచ్చేసరికి ఆపరేటరు ఆ పాతదాని ముందుకే జరుగుతాడు.

ఇది పిసినారితనం కాదు. తెలుగు పేజీలు కట్టడానికి చాలాకాలం వాడుకలో ఉన్నవి పేజీమేకర్ అనే ప్రోగ్రాము, 'అను' వంటి తెలుగు ఫాంట్లు. పేజీమేకర్ 1985లో పుట్టింది. దాని ఆఖరి రూపం, ఏడవది, 2001లో వచ్చింది. విండోస్ ఎక్స్.పి. వచ్చిందీ ఆ ఏడాదే. ఆ రెంటికీ జోడీ కుదిరింది. ఆ తరువాత పేజీమేకర్ పెరగలేదు, విండోస్ మాత్రం పెరుగుతూ పోయింది. పాత ప్రోగ్రాము కొత్త విండోస్‌లో ఒకచోట నడుస్తుంది, మరొకచోట మొరాయిస్తుంది. అందుకే ఆపరేటరు పాత పెట్టెను వదలడు.

మరి ఆ పెట్టె ఒకరోజు కాలిపోతే? బజారులో దొరికేది కొత్త యంత్రమే. సరే, కొత్తది కొని, బీరువాలో దాచిన ఎక్స్.పి. సి.డి. తీసి అందులో ఎక్కించబోతాడు. అది ఎక్కదు! పాతదానికంటే ఎన్నో రెట్లు వేగంగల యంత్రం పాత విండోస్‌ను ఎందుకు నడపలేదు? పెద్ద లారీ చిన్న బస్తాను మోయలేనన్నట్లు లేదూ ఈ సంగతి?

కాలువ మీద కొత్త తూములు

మన డెల్టా పిల్లలకు ఇది చెప్పడం సులభం. కాలువ మీద లస్కరు ఉంటాడు కదా! రైతు వెళ్ళి "మా చేనుకు నీళ్ళు కావాలి" అంటాడు. ఏ తూము ఎత్తాలో, ఏ షట్టరును ఎన్ని చుట్లు తిప్పాలో రైతుకు తెలియనక్కరలేదు. అది లస్కరు పని. కంప్యూటరులో ఆపరేటింగ్ సిస్టమ్ చేసేది సరిగ్గా ఇదే. పేజీమేకర్ "ఈ పేజీని దాచు" అంటుంది. డిస్కును ఎలా కదిలించాలో విండోస్ చూసుకుంటుంది. ఒక్కొక్క పరికరాన్ని నడిపే కిటుకు ఒక్కొక్క చిన్న ప్రోగ్రాములో ఉంటుంది. దాన్నే డ్రైవరు అంటారు.

ఇప్పుడు లస్కరు రిటైరై వెళ్ళాక కాలువ మీద తూములన్నీ మార్చి, మోటారుతో నడిచే తలుపులు పెట్టారనుకోండి. పాత లస్కరును పిలుచుకొచ్చి గట్టుమీద నిలబెడితే ఏం చేస్తాడు? తిప్పే చక్రం కోసం వెతుకుతాడు. అది ఉండదు. 2001నాటి ఎక్స్.పి. పరిస్థితి అదే.

ఒక విశేషం చెప్పాలి. ఇక్కడ చిక్కు తెచ్చేది ప్రాసెసరు కాదు. ఇంటెల్ 1978లో తెచ్చిన 8086 అనే ప్రాసెసరుకు తెలిసిన ఆజ్ఞలు దాని వారసులకు నేటికీ తెలుసు. మెదడుకు పాత భాష బాగానే గుర్తుంది. మారిపోయినవి కాళ్ళూ చేతులూ.

మొదటి అడ్డంకి గుమ్మంలోనే వస్తుంది. స్విచ్చి వేయగానే కంప్యూటరును నిద్రలేపే చిన్న ప్రోగ్రాము మదర్‌బోర్డు మీదే ఉంటుంది. 1981లో ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరుతో వచ్చిన పద్ధతిలో దాని పేరు బయాస్. అది డిస్కులోని మొట్టమొదటి 512 బైట్లను చదివి, "ఇక నీ ఇష్టం" అని పెత్తనం అప్పగిస్తుంది. కొత్త యంత్రాల్లో దాని స్థానంలో యు.ఇ.ఎఫ్.ఐ. అనే వేరే పద్ధతి వచ్చింది. అది డిస్కులో ఒక ప్రత్యేక భాగంలో ఒక ఫైలు కోసం చూస్తుంది. మామూలు ఎక్స్.పి.కి ఈ పద్ధతి తెలియదు. కొన్నేళ్ళపాటు తయారీదారులు రెండు దారులూ ఉంచారు గానీ, ఈనాటి చాలా యంత్రాల్లో పాత దారి మూసేశారు.

గుమ్మం దాటినా డిస్కు దగ్గర ఆగిపోతుంది. ఎక్స్.పి.కి తెలిసినది ఐ.డి.ఇ. అనే పాతరకం. తరువాత సాటా డిస్కులు, ఆ తరువాత బిళ్ళలాంటి ఎన్.వి.ఎం.ఇ. డిస్కులు వచ్చాయి. సి.డి.లో వాటి డ్రైవరు లేదు గనుక డిస్కు కళ్ళెదుటే ఉన్నా విండోస్‌కు కనిపించదు. తెర నీలంగా మారి, చివర 7బి అని ఉన్న ఒక సంకేతం పడుతుంది. దీనికి ఎక్స్.పి.లోనే ఒక మార్గం పెట్టారు. మొదట్లో ఎఫ్6 కీ నొక్కి, కావలసిన డ్రైవరును ఫ్లాపీ డిస్కులో అందించవచ్చు. కొత్త కంప్యూటరులో ఫ్లాపీ పెట్టే చోటే లేదన్నది వేరే సంగతి!

2009లో వచ్చిన విండోస్ 7 కథ ఇంకా తమాషాగా ఉంటుంది. దానికి యు.ఎస్.బి. రెండో తరం వరకే తెలుసు. 2015 ప్రాంతంలో వచ్చిన యంత్రాల నుంచి మూడో తరం నియంత్రకం మాత్రమే ఉండసాగింది. డిస్కు పెడితే విండోస్ 7 చక్కగా లేస్తుంది, భాష ఎంచుకోమని మర్యాదగా అడుగుతుంది. జవాబు చెబుదామంటే మౌసు కదలదు, కీబోర్డు పలకదు. నేర్పుగలవారు డ్రైవర్లను ముందుగానే ఆ డిస్కులో చేర్చి కొత్త డిస్కు తయారుచేసుకుంటారు.

లెక్కలంటే ఇష్టమున్నవారికి ఒక చిన్న గుణకారం. మామూలు ఎక్స్.పి. చిరునామాలను 32 బిట్లలో రాస్తుంది. ఒక్కో బిట్టు 0 గానీ 1 గానీ. రెండును 32 సార్లు హెచ్చిస్తే 429,49,67,296 వస్తుంది. అంటే అన్ని బైట్లకే చిరునామా ఇవ్వగలదు. అది 4 గిగాబైట్లు. అందులోనూ కొంత భాగం పరికరాల చిరునామాలకు పోతుంది. మీరు 8 గిగాబైట్ల మెమరీ కొనిపెట్టినా దానికి కనిపించేది మూడు, మూడున్నరే. పాతరకం డిస్కు పట్టికకూ 32 బిట్ల హద్దే. ఒక్కో గది 512 బైట్లు కనుక పై సంఖ్యను 512తో హెచ్చించి చూడండి. రెండు టెరాబైట్లకు మించిన డిస్కు పూర్తిగా ఎందుకు అందదో తేలిపోతుంది.

భామ వేషం

ఇన్ని అడ్డంకులుంటే ఇక దారి లేదా? ఉంది, చాలా అందమైన దారి. మాకు దగ్గరలోనే ఉన్న కూచిపూడిలో మగవారు సత్యభామ వేషం కట్టి ఆడటం పాత సంప్రదాయం. జడ, నడక, మాట అన్నీ కుదిరితే చూసేవారికి అక్కడ కనిపించేది భామే. అలాగే కొత్త కంప్యూటరు చేత పాత కంప్యూటరు వేషం కట్టించవచ్చు! దీన్ని వర్చువల్ మెషీన్ అంటారు. ఇది నిన్న మొన్నటి ఆలోచన కాదు. ఐ.బి.ఎం. తన పెద్ద కంప్యూటర్ల కోసం 1972లోనే ఇలాంటి ఏర్పాటును అమ్మకానికి తెచ్చింది. ఇప్పుడు 2007లో వచ్చిన వర్చువల్‌బాక్స్ వంటి ప్రోగ్రాములతో ఇంటి కంప్యూటరులోనే చేయవచ్చు.

కొత్త విండోస్‌లో ఒక కిటికీ తెరుచుకుంటుంది. ఆ కిటికీలో ఒక ఉత్తుత్తి కంప్యూటరు ఉంటుంది. దానికి బయాస్ ఉంది, ఐ.డి.ఇ. డిస్కు ఉంది, కావాలంటే ఫ్లాపీ కూడా ఉంది! ఆ డిస్కు నిజానికి అసలు డిస్కులోని ఒక పెద్ద ఫైలు మాత్రమే. ఎక్స్.పి. తన పాత తూములన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయనుకుని హాయిగా పని మొదలుపెడుతుంది. నన్నడిగితే, కొత్త యంత్రాన్ని బలవంతంగా పాత విండోస్‌కు ఒప్పించడం కంటే ఈ వేషమే మేలు. సి.డి., దాని అనుమతి సంఖ్య మాత్రం మనవై ఉండాలి.

ఒక జాగ్రత్త. ఆ కిటికీలోని కంప్యూటరుకు ఇంటర్నెట్ ఇవ్వకూడదు. ఎక్స్.పి.కి మరమ్మతులు 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. 2017 మే 12న వాన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతా పాకి, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. మన రాష్ట్రంలో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. విండోస్‌లోని ఆ కన్నానికి మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే అతుకు ఇచ్చింది. అది వేసుకోని యంత్రాలే చిక్కాయి. గడువు తీరిన ఎక్స్.పి.కి ఆ అతుకు దాడి జరిగాక గానీ అందరికీ అందలేదు.

ఇంత శ్రమ ఎందుకు, పాత ఫైళ్ళను కొత్త కంప్యూటరులోకి కాపీ చేసుకుంటే సరిపోదా అని మీరు అడగవచ్చు. కాపీ అవుతాయి. తెరిస్తే మాత్రం తెలుగు ఉండదు! పాత ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన స్థానాల్లో తలకట్లు, గుడులు, ఒత్తులు కూర్చోబెట్టారు. ఫైలులో దాగి ఉన్నవి ఆ ఇంగ్లీషు స్థానాల సంఖ్యలే. ఫాంటు లేకపోతే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. మా ఘంటసాలలో దొరికిన ప్రాకృత శాసనాలు బ్రాహ్మీ లిపిలో ఉన్నాయి. రాయి చెక్కుచెదరకపోయినా చదివే విద్య పోయింది. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ గుట్టు విప్పాడు గనుకనే వాటిలో ఒకదానిపై ఉన్న శివకుడనే మహానావికుని పేరు ఈనాడు మనకు తెలిసింది. గత ముప్ఫై ఏళ్ళలో అచ్చయిన ఎన్నో తెలుగు పుస్తకాలు, పత్రికలు, ప్రశ్నపత్రాల ఫైళ్ళు ఇప్పుడు అలాంటి రాళ్ళే. పాత విండోస్‌ను ఏదో ఒక వేషంలో బతికించుకుంటే వాటిని తెరిచి, యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు. మార్చే ప్రోగ్రాములున్నాయి. అయితే ఒత్తుల దగ్గర అవి తడబడతాయి కనుక తెలుగు బాగా వచ్చినవారు కూర్చుని దిద్దాలి.

యూనికోడ్‌లో 1991 నుంచీ తెలుగుకు సొంత స్థానాలున్నాయి. 3072 నుంచి 3199 వరకు 128. 'క' సంఖ్య 3093. బడిలో కంప్యూటరు దొరికితే మీరే చూడండి. వర్డ్ తెరిచి ఇంగ్లీషులో సున్నా, సి, ఒకటి, అయిదు వరుసగా కొట్టి, ఆల్ట్ కీ పట్టుకుని ఎక్స్ నొక్కండి. ఆ నాలుగూ పోయి 'క' వస్తుంది. 3093నే పదహారు ఆధారంగా రాస్తే అలా ఉంటుంది. చివరి అయిదు బదులు ఆరు కొడితే ఏ అక్షరం వస్తుందో ముందే ఊహించి, తరువాత నొక్కండి.