ఆక్సిలరేటరు పట్టివేసినప్పుడు

కంభం, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలలో ఒకప్పుడు ఎద్దులబండి చేసిన పనిలో చాలా భాగాన్ని నేడు మోపెడు చేస్తున్నది. 1980లో హోసూరు కర్మాగారం నుంచి టి.వి.ఎస్. 50 వెలువడిన తరువాత ఈ జాతి బండ్లు పల్లెలకు ప్రాకి, పాలక్యానులనూ, గడ్డిమోపులనూ, ఎరువు బస్తాలనూ, మధ్యమధ్య ఇంటిల్లిపాదినీ మోయటం నేర్చుకున్నవి. ఇటువంటి బండిలో కుడిచేతి పిడి మొదలు ఇంజను వరకు పోయే సన్నని తీగ ఒకటి ఉన్నది. మెకానిక్కులు దానిని ఆక్సిలేటరు వైరు అంటారు. పిడి వదలినా వేగం తగ్గక పోయినట్లయితే, లేదా తగ్గవలసిన దానికంటె మెల్లగా తగ్గుతున్నట్లయితే, ఆ వైరు పట్టివేస్తున్నదేమోనని మొదట అనుమానించవలెను.

మోటారు సైకిలు నడిపేవానికి ఇట్టి సమయంలో ఎడమచేతి క్లచ్చి ఆదుకుంటుంది. దానిని నొక్కితే ఇంజను ఎంత అరచినా చక్రానికి శక్తి అందదు. మోపెడులో క్లచ్చి తనంత తానే పనిచేస్తుంది. చేతికి అందేది ఏదీ లేదు. ఇంజను వేగంగా తిరుగుతున్నంతసేపూ చక్రం తిరుగుతూనే ఉంటుంది. సంతవీధిలో జనం మధ్యనో, గిద్దలూరు నుంచి నంద్యాలకు పోయే నల్లమల ఘాటు మలుపులలోనో వైరు పట్టివేస్తే ఏమి కాగలదో వేరే చెప్పనక్కర లేదు. అప్పుడు చేయవలసినది ఒక్కటే: ఇంజనును ఆపు చేసే స్విచ్చును నొక్కి, రెండు బ్రేకులూ వేసి, బండిని ప్రక్కకు తీయవలెను. ఆ స్విచ్చు లేని బండిలో తాళంచెవిని ‘ఆఫ్’ వరకు మాత్రమే త్రిప్పవలెను. హ్యాండిలు తాళం పడే స్థానానికి పోనీయరాదు. నడుస్తున్న బండి మీద వంగి వైరును పీకి చూడటం కేవలం సాహసం.

ఇక ఈ వైరు పనిచేసే తీరు చూద్దాం. చెరువులోని నీరు తూము ద్వారా కాలువకు వచ్చినట్లు, గాలీ పెట్రోలూ కలసిన మిశ్రమం కార్బురేటరు ద్వారా ఇంజనుకు చేరుతుంది. గుండ్లకమ్మకు అడ్డంగా కొండల నడుమ కట్టిన కంభం చెరువును ఎరుగనివారు ఈ ప్రాంతంలో ఉండరు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం దానిని వారసత్వ కట్టడంగా గుర్తించింది కూడా. తూముకు తలుపు ఉన్నట్లే కార్బురేటరులోనూ చిన్న తలుపు ఒకటి ఉంటుంది. పిడి త్రిప్పితే వైరు ఆ తలుపును పైకి లాగుతుంది. తలుపు ఎత్తినకొద్దీ ఇంజను వేగం హెచ్చుతుంది. పెక్కు కొత్త బండ్లలో కార్బురేటరు పోయి ఇంధనాన్ని చిమ్మే ఏర్పాటు వచ్చినప్పటికీ, వాటిలో చాలావాటికి వైరు మాత్రం అలాగే ఉన్నది.

తొడుగులో తీగ కదిలే ఈ ఉపాయానికి ఎర్నెస్టు బౌడెన్ అనే ఆయన 1896లో పేటెంటు పొందాడు. సైకిలు బ్రేకుకూ, గోల్ఫు మైదానంలో తిరిగే పెట్రోలు బండికీ అదే ఆధారం. దీని స్వభావంలోనే ఒక పరిమితి ఉన్నది: తీగ లాగగలదు గాని నెట్టలేదు. తలుపును తెరిచేది మన మణికట్టు. మూసేది లోపల ఉన్న చిన్న స్ప్రింగు. తోవలో ఎక్కడ రాపిడి ఉన్నా చేతి బలం దానిని జయిస్తుంది, స్ప్రింగు జయించలేదు. అందువల్లనే ఈ లోపం పిడి త్రిప్పేటప్పుడు గాక వదిలేటప్పుడు బయటపడుతుంది.

లోపం ఎక్కడ ఉన్నదో తెలుసుకోవటానికి ముందుగా ఇంజను ఆపి, పిడిని పూర్తిగా త్రిప్పి వదలవలెను. అది చప్పున వెనుకకు రావలెను. హ్యాండిలును ఎడమకొసకూ, కుడికొసకూ త్రిప్పి అదే పరీక్ష చేయవలెను. ఒక ప్రక్కకు త్రిప్పినప్పుడే పట్టివేస్తే తొడుగు ఎక్కడో నలుగుతున్నదన్నమాట. తరువాత కార్బురేటరు దగ్గర వైరు కొసను విడదీయవలెను. ఇప్పుడు పిడీ తీగా తేలికగా ఆడితే దోషం తలుపులోనో స్ప్రింగులోనో ఉన్నది. ఇంకా బిగువుగానే ఉంటే పై కొసను కూడా విడదీసి, తీగను విడిగా, పిడిని విడిగా ఆడించి చూడవలెను. ఇంత చేస్తే దొంగ దొరకక పోడు. పిడి మూసే ఉండి, తలుపు దిగే ఉండి, అయినా ఇంజను పరుగెత్తుతున్నట్లయితే అది వైరు తప్పు కాదు. కార్బురేటరుకూ ఇంజనుకూ నడుమ అతుకులో గాలి దూరుతున్నదేమో చూడవలసి ఉంటుంది.

మన ప్రాంతంలో వైరుకు రెండు శత్రువులు. మొదటిది దుమ్ము. పలకరాతి గనుల దారులలోనూ, పొలాల డొంకలలోనూ తిరిగే బండికి సన్నని ధూళి తొడుగు నోటిలో చేరి, ఉన్న నూనెతో కలసి ముద్ద అవుతుంది. రెండవది బరువు. కాళ్ల దగ్గర దిగవేసిన బస్తా తొడుగును అదిమివేస్తుంది. హ్యాండిలుకు వేలాడే సంచీ దానిని మడత పెడుతుంది. ఎవరో త్రాడుతో బిగించి కట్టినందున వైరు వేడి సైలెన్సరుకు ఆని తొడుగు కరుగుతుంది. మడత పడిన తొడుగునూ, కరిగిన తొడుగునూ ఏ నూనె బాగుచేయలేదు.

దుమ్ము మాత్రమే కారణమైతే వైరును విప్పి నిలువుగా వేలాడదీసి, పై కొసకు కాగితపు పొట్లాన్ని గరాటు మాదిరిగా కట్టి, కుట్టుమిషను నూనె కొద్దికొద్దిగా పోస్తూ తీగను ఆడించవలెను. క్రింద మొదట నల్లని మురికి కారుతుంది. నూనె తేటగా కారేవరకూ ఆపకూడదు. గ్రీజు పనికిరాదు, అది దుమ్మును కూడగడుతుంది. వంటింటి వేరుశనగ నూనె కొంతకాలానికి జిగురు కడుతుంది. లోపల నైలాను పొర ఉన్న వైర్లకు కొన్నిటికి నూనె అవసరమే లేదని తయారీదారులు చెబుతారు గనుక బండితో ఇచ్చిన పుస్తకం చూడటం మంచిది.

తీగ కొసన ఉన్న లోహపు గుండు దగ్గర ఒక్క పోగు తెగినా వైరు మార్చవలసిందే. తెగిన పోగు తొడుగు అంచులో ముల్లువలె గుచ్చుకొని తీగను ఆపివేస్తుంది. దానిని కత్తిరించి సరిపెట్టుకొనేవారు ఉన్నారు. మిగిలిన పోగుల మీద భారం పెరిగి అవీ తెగుతవి. కొత్త వైరు ఖరీదు కొద్దిపాటిదే. పిడిలో దోషమైతే గొట్టాన్ని ఊడదీసి, హ్యాండిలు మీది త్రుప్పును సన్నని గరుకు కాగితంతో రుద్ది తుడిస్తే చాలా వరకు చాలు. తలుపు మీద గీతలు పడినా, స్ప్రింగు నీరసించినా మెకానిక్కుకు చూపవలెను. గాలి వడపోత లేకుండా నడిపిన బండ్లలో ఆ గీతలు తొందరగా పడతవి.

కొత్త వైరును పాత దారినే పోనిచ్చి, పిడి దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల వదులు ఉంచవలెను. ఖచ్చితమైన కొలత పుస్తకంలో ఉంటుంది. అటుపై బండిని వెనుక చక్రం నేలకు తగలకుండా స్టాండు మీద నిలబెట్టి, పిల్లలను దూరంగా ఉంచి ఇంజను నడిపి, హ్యాండిలును రెండు ప్రక్కలకూ త్రిప్పవలెను. ఇంజను శబ్దం ఏ ప్రక్కన హెచ్చినా వైరు ఇంకా బిగువుగా ఉన్నట్లే; వదులు సరిచేసి మళ్లీ చూడవలెను.