నగదు లేని చెల్లింపులు: మన గ్రామములు సిద్ధముగా నున్నవా?

కొంతకాలము క్రిందటి వరకు పల్లెలో సొమ్మనగా రొంటిని దోపుకొన్న నోట్లు, పోపులపెట్టెలో దాచిన చిల్లర. నేడు కూరగాయల గంప ప్రక్కను, తేనీటి కొట్టు గోడమీదను నలుపు తెలుపు గళ్ల చదరపు గుర్తు కనబడుచున్నది. కొనువాడు చేతిఫోనును దానికి చూపును, నాలుగంకెలు నొక్కును, సొమ్ము ముట్టినదని అంగడిలోని డబ్బా పలుకును. నోటు చేతులు మారకయే బేరము ముగియును.

ఈ మార్పు పంచాయతీ సభ్యులకు వట్టి వింత కాదు. ఇంటిపన్ను, ఉపాధి హామీ కూలి, పంచాయతీ బిల్లులు అన్నియు నేడు ఈ మార్గమునకు వచ్చినవి, లేదా వచ్చుచున్నవి. మనవంటి అభివృద్ధి చెందుచున్న దేశము భద్రమైన నగదు రహిత చెల్లింపులకు సిద్ధముగా నున్నదా అను ప్రశ్న పట్టణవాసులదే గాదు. గ్రామసభలో కూర్చున్న ప్రతివానిది. కనుక ఈ విషయమును కొంత విచారింతము.

దారి ఎట్లు పడినది?

ఈ దారి ఒక్కనాట పడినది కాదు. 2008లో భారత జాతీయ చెల్లింపుల సంస్థ ఏర్పడినది. 2014 ఆగస్టు 28న జన ధన యోజన ప్రారంభమై, బ్యాంకు గడప త్రొక్కని కుటుంబములకు ఖాతాలు కలిగినవి. 2023 ఆగస్టు నాటికి ఈ ఖాతాల సంఖ్య 50 కోట్లు దాటినది. 2016 ఏప్రిల్‌లో ఒక బ్యాంకు ఖాతానుండి మరియొక బ్యాంకు ఖాతాకు క్షణములో సొమ్ము పంపు యూపీఐ పద్ధతి వెలువడినది. ఆ యేడే నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లు రద్దయినవి. చెలామణిలోని పైకము విలువలో అవి సుమారు 86 శాతము. ఆ కష్టకాలమున ఎందరో తప్పనిసరియై క్రొత్త మార్గమును పట్టిరి.

2020 జనవరినుండి యూపీఐ చెల్లింపులపై వర్తకునివద్ద రుసుము వసూలు చేయరాదని నిర్ణయమైనది. దీనితో చిల్లర కొట్లవారికిని జంకు తీరినది. 2023 ఆగస్టులో ఒక్క నెలలోనే జరిగిన యూపీఐ చెల్లింపులు 1000 కోట్లు మించినవి. 2025 ఆగస్టులో 2000 కోట్లు దాటినవి.

అయినను మరియొక లెక్కను మరువరాదు. 2016 నవంబరు ఆరంభమున దేశమున చెలామణిలో నున్న నోట్ల విలువ సుమారు 18 లక్షల కోట్ల రూపాయలు. 2022 అక్టోబరు నాటికి అది 30 లక్షల కోట్లకు పైబడినది. అనగా ప్రజలు క్రొత్తదానిని స్వీకరించిరి గాని పాతదానిని విడువలేదు. ఏల విడువలేదో గ్రహించినచో మన ప్రశ్నకు సగము సమాధానము దొరకును.

తాళములు ఎన్ని? తలుపు ఏది?

యూపీఐలో సొమ్మునకు మూడు తాళములు గలవు. మొదటిది ఫోను: ఖాతాకు చేర్చిన సిమ్ము ఉన్న ఫోనునుండియే ఆ ఖాతా నడచును. రెండవది పిన్: ఖాతాదారునికి మాత్రమే తెలియవలసిన నాలుగు లేక ఆరు అంకెల రహస్య సంఖ్య. మూడవది బ్యాంకు: ఖాతాలో సొమ్మున్నదా, పిన్ సరియైనదా యని చూచి గాని బ్యాంకు సొమ్మును కదపదు. దారిలో పోవు వార్త సంకేతరూపమున పోవుటచే నడుమ నున్నవాడు దానిని చదువజాలడు.

ఇన్ని తాళములున్నను మోసములు జరుగుచునే యున్నవి. దొంగలు పెక్కుమారులు తాళమును పగులగొట్టుట లేదు; తాళపుచెవిని మనచేతనే ఇప్పించుకొనుచున్నారు. "మీకు సొమ్ము పంపెదము, పిన్ నొక్కుడు" అందురు. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ ఎన్నడును అవసరము లేదు. పిన్ నొక్కినచో సొమ్ము పోవునే గాని రాదు. ఈ ఒక్క మాట ప్రతి ఇంటను తెలిసిననాడు సగము మోసములు ఆగును. మరికొందరు పోలీసు అధికారులమని వీడియోలో కనబడి, "మిమ్ము డిజిటల్ అరెస్టు చేసితిమి" అని బెదరింతురు. అట్టి నిర్బంధము మన చట్టములో లేనేలేదు.

అంగడి గోడమీది గుర్తుపై రాత్రివేళ వేరొక గుర్తు అతికించిపోవు దొంగలును గలరు. కొనువాడు చెల్లించును, వర్తకునికి ముట్టదు. పంచాయతీ కార్యాలయపు గుర్తునకును ఇదే అపాయము కలదు.

వ్రేలిముద్ర విషయము వేరు. ఆధార్ సంఖ్యతోను వ్రేలిముద్రతోను బ్యాంకు మిత్రవద్ద సొమ్ము తీసికొను పద్ధతికి పిన్ లేదు. చదువురాని వృద్ధురాలికి ఇది గొప్ప సౌకర్యము. కాని పిన్ బయటపడినచో మార్చుకొనవచ్చును, వ్రేలిని మార్చుకొనలేము. భూముల రిజిస్ట్రేషను దస్తావేజుల నకళ్లనుండి వ్రేలిముద్రలు తీసి, వాటికి నకిలీ అచ్చులు చేసి ఖాతాలు ఖాళీ చేసిన నేరములు మన తెలుగు నేలమీదనే బయటపడినవి. దీనికి విరుగుడు గలదు. ఆధార్‌లోని వ్రేలిముద్రకు తాళము వేసికొని, అవసరమైనపుడు మాత్రము తెరచుకొనవచ్చును. ఈ వసతిని గూర్చి 1947 సంఖ్యకు ఫోను చేసి తెలిసికొనవచ్చును.

మన నేల నేర్పిన పాఠము

2010-2012 నడుమ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 8 జిల్లాలలో ఉపాధి హామీ కూలిని, పింఛనులను వ్రేలిముద్రతో కూడిన స్మార్ట్ కార్డుల ద్వారా ఇచ్చు పద్ధతిని దశలవారీగా ప్రవేశపెట్టిరి. ఏ మండలమున ముందు, ఏ మండలమున వెనుక అనునది చీటీలు వేసినట్లు నిర్ణయింపబడినది. 150కి పైగా మండలములు, సుమారు 1 కోటి 90 లక్షల జనము ఇందులో చేరిరి. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు ఫలితములను పరిశీలించిరి. కార్డులు వచ్చిన మండలములలో కూలి త్వరగా చేతికందినది. దానికై వేచియుండు కాలము తగ్గినది. నడుమ జారిపోవు సొమ్మును తగ్గినది.

ఇందు గమనింపదగినది మరియొకటి గలదు. రెండేండ్లు గడచినను ఆ మండలములలో సుమారు సగము చెల్లింపులు మాత్రమే కార్డుల ద్వారా జరిగినవి. కార్డు లేనివారికి పాత పద్ధతిని మూయలేదు. క్రొత్త త్రోవ వేయుటయు, పాత త్రోవను త్రవ్వివేయకుండుటయు ఒక్కసారి జరిగినవి. ఆ మేలుకు ఇదియు ఒక కారణమని మా అభిప్రాయము.

ఇందుకు విరుద్ధముగా జరిగిన ఉదాహరణ నైజీరియాలో గలదు. ఆ దేశపు కేంద్ర బ్యాంకు 2022 అక్టోబరులో నోట్ల మార్పును ప్రకటించినది. 2023 ఆరంభమున పాత నోట్లు చెల్లక, క్రొత్తవి చాలక ప్రజలు మిక్కిలి బాధపడిరి. అందరును ఒక్కసారి ఫోనులవైపు తిరుగగా చెల్లింపులు తరచు విఫలమైనవి. తుదకు 2023 మార్చి 3న ఆ దేశపు సుప్రీం కోర్టు పాత నోట్లు ఆ యేడాది చివరివరకు చెల్లునని తీర్పు చెప్పవలసివచ్చినది.

సొమ్ము పోయినచో ఏమి చేయవలెను?

తడవు చేయకుండ 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. ఖాతా ఉన్న బ్యాంకుకు తెలుపవలెను. దొంగ సొమ్మును ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు తరలించుకొనిపోవును గనుక ప్రతి నిమిషము విలువైనదే. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు జారీచేసిన ఉత్తరువు ప్రకారము, బ్యాంకు తప్పుగాని ఖాతాదారుని తప్పుగాని లేక సొమ్ము పోయినపుడు, మూడు పనిదినములలో తెలిపినచో ఆ నష్టము ఖాతాదారునిపై పడదు. ఖాతాదారుడే పిన్ చెప్పివేసినచో, బ్యాంకుకు తెలుపువరకు జరిగిన నష్టము అతనిదే. తెలిపిన పిదప జరుగునది బ్యాంకుది. మాటుమణగనిత్తమని సిగ్గుతో ఊరకున్నవాడు రెండుమారులు నష్టపోవును.

ఒక వ్యక్తినుండి మరియొక వ్యక్తికి పంపిన సొమ్ము అవతలికి చేరక, ఇవతల ఖాతాలో తగ్గినచో, 2019 సెప్టెంబరు నాటి ఉత్తరువు ప్రకారము మరునాటికి తిరిగి జమ కావలెను. ఆలస్యమైనచో దినమునకు 100 రూపాయలు పరిహారము.

పంచాయతీ కర్తవ్యము

మొదటిది: పన్ను చెల్లించువానికి రెండు మార్గములును ఉంచవలెను. ఫోను లేదని, సంకేతము అందలేదని ఎవనిని త్రిప్పి పంపరాదు. 1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టము ప్రకారము నోటు దేశమంతట చెల్లుబడి గలదే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలైలో పెంచిన పింఛనును ఇంటివద్దనే నగదుగా అందించుట మనమెరిగినదే. గ్రహీతను యంత్రము గుర్తించినది. సొమ్మును మనిషి చేతిలో పెట్టినాడు.

రెండవది: కార్యాలయపు గోడమీది గుర్తును ప్రతిదినము పరీక్షించవలెను. ఒక రూపాయి పంపి అది పంచాయతీ పేరననే జమ యగుచున్నదో లేదో చూచుట చాలును. ఏ మార్గమున చెల్లించినను రశీదు ఇయ్యవలెను.

మూడవది మిక్కిలి ముఖ్యము. 2020లో వచ్చిన ఈ-గ్రామ్ స్వరాజ్ పద్ధతిలో పంచాయతీ సొమ్ము డిజిటల్ సంతకముతో కదలును. ఆ సంతకపు తాళపుచెవి వ్రేలంత పరికరము. దానిని, దాని రహస్య సంఖ్యను కలిపి కంప్యూటరు నడుపువానికి అప్పగించుట సంతకము చేసిన ఖాళీ చెక్కుల పుస్తకమును అప్పగించుటతో సమానము. వానియందు ఎంత నమ్మిక యున్నను ఇది తగదు. పని తెలియదని ఒప్పుకొని నేర్చుకొనుటలో చిన్నతనము లేదు. తెలియని బిల్లుకు బాధ్యులమగుటయే కష్టము.

నాలుగవది: బ్యాంకు మిత్ర ఇంత తీసినట్లు చెప్పి అంత తీసినాడను అనుమానము కూలివారికి రాకుండ, అచ్చు రశీదు తప్పక ఇప్పింపవలెను. చదువువచ్చిన యువకులచేతను, మహిళా సంఘములచేతను గ్రామసభలో దీనిని చదివి చెప్పించుట మేలు.

మన దేశము సిద్ధముగా నున్నదా అన్నచో, బాట సిద్ధముగానే యున్నదని చెప్పవచ్చును. బాటసారులందరు ఇంకను సిద్ధముగా లేరు. దారిలో పడినవానిని లేవనెత్తు ఏర్పాటు ప్రతి ఊరికిని చేరలేదు. ఆ ఏర్పాటును చేయదగినది అందరికంటె దగ్గరగా నున్న పంచాయతీయే. వచ్చు గ్రామసభ చర్చాంశములలో ఈ విషయమును చేర్చి, 1930 అను సంఖ్యను కార్యాలయపు గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయించుటతో పని మొదలిడవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.