మధురపూడి రన్‌వే కింద కూలీ లెక్క ఏమైంది?

రావులపాలెం అరటి యార్డులో గెలలు లారీకెత్తే జట్టు దగ్గర కూర్చుని మాట్లాడుతుంటే మాకొక ప్రశ్న ఎదురైంది. మధురపూడి నుంచి విమానాలు పెరిగాయనీ, తాడేపల్లిగూడెంలో కూడా విమానాశ్రయం పెట్టే ఆలోచన ఉందనీ ఒక కుర్రవాడు పేపరు చదివి వినిపిస్తున్నాడు. జట్టు మేస్త్రీ అతన్ని ఆపి, "ఇంతకీ మన కూలోళ్లకి దాంతో ఏం పనండీ?" అన్నాడు.

నవ్వి ఊరుకునే మాట కాదిది. రావులపాలేనికి మధురపూడి సుమారు 50 కిలోమీటర్లు. అక్కడ జరిగింది తెలుసుకుంటే రేపు ఇంకోచోట జరగబోయేది తెలుస్తుంది.

రాజమండ్రికి ఉత్తరాన 18 కిలోమీటర్ల దూరంలో, కోరుకొండ మండలంలో ఉందీ విమానాశ్రయం. బ్రిటిష్ వాళ్ల కాలం నాటిది. మొదట్లో 366 ఎకరాలు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు కాకినాడ, విశాఖపట్నాల మీద బాంబులు వేసినప్పుడు కోస్తా అంతా హడలిపోయింది. ఆ యుద్ధకాలంలోనే తాడేపల్లిగూడెంలోనూ రన్‌వే వేశారు. యుద్ధం అయిపోయింది, తెల్లవాడు పోయాడు. గూడెం రన్‌వే అలాగే పడి ఉంది. చుట్టూ జనం ఇళ్లు వేసుకున్నారు.

చిన్న ఊళ్లకు విమానాలు నడపాలని 1981లో కేంద్ర ప్రభుత్వం వాయుదూత్ సంస్థను పెట్టింది. 1980లలో దాని చిన్న విమానం మధురపూడిలో దిగేది. 1990లలో వాయుదూత్‌ను ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు, ఇక్కడి రాకపోకలు కుంటుపడ్డాయి. 2007లో ఎయిర్ డెక్కన్ వచ్చింది. దాన్ని కింగ్‌ఫిషర్ మింగింది. ఆ కింగ్‌ఫిషర్ సిబ్బందికి నెలల తరబడి జీతాలు ఎగ్గొట్టి 2012 అక్టోబరులో మూతపడింది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఆగిపోయింది. 2015లో పుట్టిన ట్రూజెట్ 2022 నాటికి లేదు. ప్రైవేటు వాడి సమర్థత గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఈ పట్టీ ఒకసారి చదువుకోవాలి. కంపెనీలు మారినా కింద ఉన్న భూమి, సిమెంటు మాత్రం ప్రజలవే.

2012 మేలో కొత్త టెర్మినల్ తెరిచారు. పెద్ద విమానాలు దిగాలంటే రన్‌వే చాలదన్నారు. మధురపూడి, బూరుగుపూడి వైపు ఇంకా సుమారు 850 ఎకరాలు సేకరించారు. 1,749 మీటర్ల రన్‌వే 3,165 మీటర్లయింది. 2023 డిసెంబరులో మరో టెర్మినల్‌కు శంకుస్థాపన, 2024 డిసెంబరులో ఢిల్లీకి నేరుగా విమానం. 2025 జనవరిలో కడుతున్న టెర్మినల్‌లో కొంత భాగం కూలింది. ప్రాణాలు పోలేదు గనక పేపర్లు రెండో రోజుకే మరిచిపోయాయి.

విమానాశ్రయం వద్దని మేము అనడం లేదు. నిజానికి కోనసీమలో మొదట విమానం ఎక్కింది మోతుబరులే అనుకుంటే పొరపాటు. కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన మన పేటల ఆడవాళ్లు ఎప్పటినుంచో ఎక్కుతున్నారు. వాళ్లకు మధురపూడి పనికిరాదు, గల్ఫ్‌కు అక్కడినుంచి విమానం లేదు. అప్పుచేసిన డబ్బు కొంగున కట్టుకుని హైదరాబాదుకో చెన్నైకో రైల్లో పోవాల్సిందే. ఢిల్లీ విమానం గురించి రాసినంత ఉత్సాహంగా ఆ ప్రయాణం గురించి ఎవరు రాశారు?

ఇక భూమి సంగతి. ఎకరం వరి పండాలంటే నారు తీయాలి, నాటాలి, కలుపు తీయాలి, కోయాలి, కట్టాలి, నూర్చాలి. ఇవన్నీ చేసిన చేతులు ఆ ఎకరం మీద బతుకుతాయి. ఎకరం సిమెంటు కిందికి పోతే పట్టా ఉన్నవాడికి చెక్కు వస్తుంది. అది చాలిందా లేదా అన్నది వేరే తగువు, అతను కోర్టుకెళ్లి ఎక్కువ అడగొచ్చు. కౌలుదారుకు కాగితమే ఉండదు. కూలీ అయితే అసలు లెక్కలోకే రాడు. 1894 నాటి భూసేకరణ చట్టం నూటపందొమ్మిదేళ్లు ఇలాగే నడిచింది.

దేశమంతా జరిగిన పోరాటాల ఫలితంగా 2013లో కొత్త చట్టం వచ్చింది, 2014 జనవరి 1 నుంచి అమలైంది. ఇందులో మనవాళ్లు కళ్లు పెట్టి చదవాల్సిన మాట ఒకటుంది. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూముల మీద పనిచేస్తూ, అదే ముఖ్య జీవనాధారంగా ఉన్న వ్యవసాయ కూలీ, కౌలుదారు, పాలేరు, చేతివృత్తివాడు, సెంటు భూమి లేకపోయినా సరే, బాధిత కుటుంబం కిందికి వస్తారు. అలాంటి కుటుంబాలకు ఉద్యోగం, లేదా ఒకేసారి 5 లక్షలు, లేదా ఇరవై ఏళ్లపాటు నెలకు 2 వేలు అని షెడ్యూలులో రాశారు. తొలి నోటిఫికేషన్ వచ్చాక అరవై రోజుల్లో అభ్యంతరం చెప్పే హక్కు పట్టాదారుడిది మాత్రమే కాదు, జీవనాధారం పోయేవాడిది కూడా.

మరి ఊళ్లో ఎవరికైనా ఇది తెలుసా? తెలియకపోవడానికి కారణం ఉంది. 2018లో అమలుకొచ్చిన మన రాష్ట్ర సవరణ ప్రకారం మౌలిక వసతుల ప్రాజెక్టుకు సామాజిక ప్రభావ అంచనా అక్కర్లేదని ప్రభుత్వం మినహాయింపు ఇవ్వవచ్చు. యజమానులతో రాజీ ఒప్పందం చేసుకునే దారి కూడా తెరిచారు. గ్రామంలో విచారణ జరిగితేనే కదా కూలీ లేచి "నేనూ ఉన్నాను" అనేది. బల్లకు ఆ పక్క కలెక్టరు, ఈ పక్క పట్టాదారు. మనకు కుర్చీ ఏదీ? కౌలుదారుల మేలుకని 2019లో తెచ్చిన చట్టం సైతం కార్డుకు యజమాని సంతకం కావాలంది. సంతకం పెడితే భూమి పోతుందని యజమాని భయం, అడిగితే కౌలు పోతుందని వీడి భయం.

తాడేపల్లిగూడెం, తుని పేర్లు ఇప్పుడు ప్రభుత్వ ఆలోచనల్లో ఉన్నాయి. సర్వే రాళ్లు పాతాక పరుగెత్తితే లాభం లేదు. మూడేళ్ల రుజువు ఒక్క రోజులో పుట్టదు. ఎవరి చేలో ఏ పంటకు ఎన్నాళ్లు పనిచేశామో జట్టుమేస్త్రీల పద్దు పుస్తకాల్లో ఉంటుంది. వాటిని చింపి పొయ్యిలో వేయకండి. ఉపాధి పని కార్డులు, రేషను కార్డులు, కౌలు ముట్టజెప్పిన చీటీలు దాచండి. గ్రామసభలో పేర్లు చదివించి, తీర్మానం రాయించి, నకలు తీసుకోండి. నోటిఫికేషన్ పంచాయతీ గోడమీద అంటించిన తేదీ రాసిపెట్టుకోండి, అరవై రోజుల లెక్క మొదలయ్యేది నోటిఫికేషన్ ప్రచురించిన తేదీ నుంచే.

ఇదంతా విన్నాక మేస్త్రీ కాసేపు మాట్లాడలేదు. అతని అప్పచెల్లెలు గూడెం రన్‌వే పక్కన కాపురం ఉంటోందట. గెల భుజాన పెట్టుకుంటూ, ఆమె ఇంటి పన్ను రసీదు ఏ సంవత్సరం నుంచి ఉంటే పనికొస్తుందని మమ్మల్ని అడిగాడు.